ఆపమంటే ఆగే బండి

విశాఖపట్నంలో సెలవులకు కారు మాట్లాడుకునే ఇంటాయన ట్రావెల్స్ వాడిని మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఎంతవుద్ది? ఏసీ బాగా పనిచేస్తుందా? డ్రైవరు నెమ్మదస్తుడేనా? దారి సంగతి మాత్రం అడగడు. మధురవాడలో ఇంటి గుమ్మం ముందు ఎక్కడం, బందరులో హోటలు మెట్ల ముందు దిగడం, ఈ రెండూ ఖాయమైతే చాలు. మధ్యనున్న సుమారు 370 కిలోమీటర్లు ఎలా గడిచిపోతే ఏం?

ఈ బేరంలో అసలు సరుకు ఆ మధ్యలోనే ఉంది. రైలు తన టైమ్‌టేబులు ప్రకారం ఆగుతుంది. బస్సు తనకు నచ్చిన హోటలు దగ్గర ఆగుతుంది, అక్కడ ఇడ్లీ ఎలా ఉన్నా తినాల్సిందే. సొంత కారు ఎక్కడైనా ఆగుతుంది గానీ, దాన్ని నడిపే మనిషికి రోడ్డు మీది తెల్లగీత తప్ప ఇంకేం కనబడదు. కిటికీ పక్కన కూర్చుని, తీరిగ్గా బయటికి చూస్తూ, కంటికి నచ్చిన చోట "బాబూ, కాస్త ఆపు" అనగలిగేది అద్దె కారులోనే. ఇంత సౌకర్యాన్ని డబ్బిచ్చి కొనుక్కున్న కుటుంబాలు దాన్ని వాడుకునే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టీకి ఒకసారి, భోజనానికి ఒకసారి, పిల్లాడికి కడుపులో తిప్పితే ఒకసారి. అంతే. మిగతా దారంతా, ఫోనులో చేరే సమయం ఎన్ని నిమిషాలు తగ్గిందో చూసుకోవడమే.

సముద్రం పక్కన ఉండేవాళ్లు ఇంకో సముద్రం చూడటానికి పోవడమేమిటని నవ్వేవాళ్లూ ఉన్నారు. రెండూ బంగాళాఖాతమే, నిజమే. కానీ విశాఖలో కొండ నేరుగా వచ్చి నీళ్లలో దిగుతుంది. బందరులో నేల ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తేల్చడం కష్టం, అంత బల్లపరుపు. విశాఖ రేవు తెరిచింది 1933లో. బందరు 1611లోనే ఇంగ్లీషు వర్తకులు దిగిన రేవు. 1864 నాటి తుపాను ఉప్పెన అక్కడ దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది, ఆ దెబ్బ నుంచి పట్నం పూర్తిగా తేరుకోలేదనే అంటారు. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం, చిలకలపూడిలో పాండురంగడు, ఊళ్లో తొక్కుడు లడ్డు. సెలవులకు ఇంతకు మించిన కారణం ఎవరికైనా ఎందుకు?

రెండు ఊళ్ల మధ్యా రాత్రి రైలు ఉంది. ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి బందరు. గోదావరీ కొల్లేరూ రెండూ నిద్రలోనే దాటిపోతాయి.

పూర్వం ఈ ప్రాంతంలో ఆగకుండా పోవాలన్నా కుదిరేది కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద 1852 నాటికి, బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్టలు లేచాయి. రెండు డెల్టాల కాలువలనూ ఏలూరు దగ్గర కలిపారు. దాంతో కాకినాడలో పడవెక్కినవాడు కాలువల వెంటే బెజవాడకు, అక్కడ నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా పోగలిగేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. లాకు దగ్గరికి వచ్చేసరికి పడవ ఆగాల్సిందే. తలుపులు మూసి, నీటి మట్టం సరిచేసి, మళ్లీ తలుపులు తీసేదాకా పడవలోని వాళ్లు గట్టెక్కి వంట చేసుకునేవారు, స్నానాలు చేసేవారు, ముక్కూ మొహం తెలియని వాళ్లతో వియ్యాలు కూడా మాట్లాడుకుని ఉంటారు. 1890ల్లో రైలు వచ్చింది, 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు, పడవ మెల్లగా ఇటుకలకూ ఇసుకకూ మిగిలిపోయింది. ఆ కాలువల్నే 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మనుషులు మాత్రం మళ్లీ పడవ ఎక్కలేదు.

ఇప్పుడు పడవ స్థానంలో డిజైరో ఎర్టిగానో ఉంది, సరంగు స్థానంలో డ్రైవరు ఉన్నాడు. కారు లోపల సెలవుల్లో లేని మనిషి అతనొక్కడే. అతని లెక్క కాస్త విప్పి చూడటం మంచిది. విశాఖ నుంచి బందరు 370 కిలోమీటర్లయితే పాతకాలపు ట్రావెల్స్ పుస్తకంలో అది 740. ఖాళీగా తిరిగి వచ్చే బండికీ డీజిలు కావాలి కాబట్టి, దిగిపోయిన వాళ్ల దగ్గరే రానూపోనూ వసూలు చేస్తారు. దీనిమీద డ్రైవరు బేటా, టోలు, రాత్రి ఆగితే నైట్ హాల్టు. ఫోను యాప్‌లు వచ్చాక "వన్‌వే" అనే కొత్త ధర పుట్టింది. అందులో ప్రయాణికుడికి సగం దాకా మిగులుతుంది. ఆ మిగులు ఎవరి జేబులోంచి వస్తుందో ఆలోచిస్తే జవాబు డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉంటుంది. తిరుగు బేరం దొరికిందా సరే, దొరకలేదా ఆ రాత్రి బందరు బస్టాండు పక్కన సీటు వెనక్కి వాల్చుకుని పడుకోవడమే.

2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పని రోజుకు ఎనిమిది గంటలు మించకూడదనేది. అయితే ఆ చట్టం ఐదుగురూ అంతకు మించీ పనిచేసే సంస్థలకే వర్తించేది. ఒక్క కారు పెట్టుకుని తనే యజమానీ తనే డ్రైవరూ అయినవాడికి ఎనిమిది గంటల లెక్క ఎవరు చెబుతారు? రెండు రోజులుగా నిద్రలేని మనిషి చేతిలో ఇంటిల్లిపాదినీ పెట్టి, "త్వరగా పోనీ" అనే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. దారిలో ఆపించడానికి ఇంకే కారణం తోచకపోయినా ఇదొక్కటీ సరిపోతుంది. కారు ఆగిన అరగంటలో అతను మొహం కడుక్కుంటాడు.

డ్రైవర్లకు తమ సొంత మజిలీలు కొన్ని ఉన్నాయి. తుని దాటేముందు లోవ కొండల వైపు చూసి, తలుపులమ్మ తల్లికి స్టీరింగు మీద నుంచే దండం పెడతారు. కొత్త బండి కొన్నవాళ్లు పూజకు తీసుకెళ్లేది ఆ కొండకే. అన్నవరం దగ్గర తొలిపావంచాల వద్ద కారు నెమ్మదిస్తుంది. కొబ్బరికాయ కొట్టి, ఆకులో పొట్లం కట్టిన గోధుమనూక ప్రసాదం అందుకుంటే వెనక సీట్లో మామ్మగారి మొహం విచ్చుకుంటుంది. ఇక్కడ ఎవరూ గడియారం చూడరు. దేవుడి దగ్గర అయిన ఆలస్యం ఆలస్యం కింద జమకాదు. గొడవంతా దేవుడు లేని ఊళ్ల దగ్గరే.

అసలు ప్రశ్న రాజమండ్రి శివార్లలో వస్తుంది.

"కొత్త రోడ్డు ఎక్కించేయమంటారా సార్, గూడెం మీద నుంచి ఎల్లిపోమంటారా?"

ఇంటాయన ఫోను వంక చూస్తాడు. ఫోను కొత్త రోడ్డంటుంది. 2015 పుష్కరాలనాటికి వాడుకలోకి వచ్చిన నాలుగో వంతెన మీద గోదావరి దాటి, కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలను దాకా సుమారు 70 కిలోమీటర్ల నాలుగు వరుసల దారి అది. ఊళ్లు తగలవు, సిగ్నళ్లు లేవు. మెట్ట పొలాలు, పామాయిల్ తోటలు, పొగాకు బారన్లు కిటికీ పక్కన జారిపోతాయి. పాత దారి కడియం నర్సరీల పక్కనుంచి, రావులపాలెం అరటి మార్కెట్టు మీదుగా, సిద్ధాంతం వంతెన దాటి, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా వస్తుంది. ఒకప్పటి ఐదో నెంబరు జాతీయ రహదారి, తర్వాత పదహారు, ఇప్పుడు 216ఏ. నెంబరు మారినా డ్రైవర్లకు అది పాత రోడ్డే.

ఇలాంటి ప్రశ్న ప్రపంచంలో ఇంకా చాలాచోట్ల వస్తోంది. క్రొయేషియాలో స్ప్లిట్, డుబ్రోవ్నిక్ అని రెండు సముద్రపు పట్నాలున్నాయి. వాటి మధ్య సెలవుల్లో అద్దె కార్ల వ్యాపారం జోరుగా సాగుతుంది. దారిలో ఇరవై కిలోమీటర్ల తీరం పక్క దేశమైన బోస్నియాది, నేయుమ్ అనే చిన్న ఊరు. ఎన్నో ఏళ్ల పాటు ప్రతి కారూ అక్కడ పాస్‌పోర్టు చూపించి లోపలికి పోయి, మళ్లీ చూపించి బయటికి రావలసి వచ్చేది. ఎలాగూ ఆగాం గదా అని జనం కాఫీ తాగేవారు, చవగ్గా దొరికేవి కొనుక్కునేవారు. 2022 జూలైలో పెల్యేషాట్స్ వంతెన తెరిచారు. సరిహద్దు బాధ తప్పింది. నేయుమ్ ఊరి పేరు కూడా వినకుండా ఇప్పుడు డుబ్రోవ్నిక్ చేరుకోవచ్చు. అది నష్టమని ఆ దారిన పోయే లారీ డ్రైవరుతో అంటే నవ్వుతాడు. పొద్దున బయలుదేరి రాత్రికి సరుకు దింపాల్సినవాడికి కొత్త వంతెనైనా కొత్త రోడ్డైనా వరమే. గర్భిణిని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లే కారుకూ అంతే. సెలవుల కారుకు ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ రచన పట్టుకున్న ప్రశ్న.

గూడెం మీదుగా పోదామన్న కుటుంబం ఒక గంట పోగొట్టుకుంటుంది, నిజం. బదులుగా చూసేదేమిటి? పర్యాటక శాఖ బోర్డు పెట్టదగినది ఏమీ లేదు. తాడేపల్లిగూడెం వ్యాపారుల ఊరు. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ ఉల్లిపాయల లారీలు వచ్చి దిగే మార్కెట్టు అక్కడుంది. రాష్ట్రంలో ఉల్లి ధర ఎగిరిందంటే టీవీ వాళ్లు కెమెరాలు పట్టుకుని పరిగెత్తేది అక్కడికే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. 2015లో మొదలైన ఎన్ఐటీ పుణ్యమా అని బీహారు పిల్లలూ కేరళ పిల్లలూ ఇక్కడి పెసరట్టు ఉప్మాకు అలవాటు పడుతున్నారు. నవ్వించి బతికిన రేలంగి వెంకటరామయ్య తన సంపాదనతో సినిమా హాలు కట్టుకున్నది కూడా ఈ ఊళ్లోనే. రేలంగి చిత్ర మందిర్ అని పేరు పెట్టుకున్నాడు, 1975లో ఈ ఊళ్లోనే పోయాడు. వెనక సీట్లో మామ్మగారికి ఈ సంగతి చెబితే, మిగతా దారంతా కారులో ఆయన సినిమాలే. పదేళ్ల మనవడు ఫోను పక్కన పెట్టి "రేలంగి ఎవరు?" అని అడగటం కొత్త రోడ్డు మీద జరిగే పని కాదు.

సెలవులకు పోతూ ఎవరైనా ఉల్లిపాయల మార్కెట్టు చూస్తారా అంటే, చూడరు. కానీ ఉల్లి బస్తాల మధ్య ఒక పావుగంట నిలబడిన పిల్లకు, ఇంట్లో బుట్టలోని ఉల్లిపాయ ఏ ఊరి నుంచి ఎన్ని లారీలు మారి వచ్చిందో తెలుస్తుంది. రుషికొండలో అలలు లెక్కపెట్టే పావుగంట కంటే అది తక్కువదేమీ కాదు.

గూడెం నుంచి ఏలూరు దాకా దారికి గోదావరి ఏలూరు కాలువ తోడుంటుంది. బాదంపూడి, ఉంగుటూరు, కైకరం, పుళ్ల, భీమడోలు. చాలావరకు రైలు, రోడ్డు, కాలువ మూడూ ఒకదాని పక్కన ఒకటి పోతుంటాయి. ఒక నూట డెబ్భై ఏళ్ల ప్రయాణ చరిత్ర మొత్తం ఒకే కిటికీలోంచి కనబడుతుంది. భీమడోలు దగ్గర కుడివైపు ద్వారకా తిరుమల దారి. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చని ఈ జిల్లాల నమ్మకం. పెద్ద తిరుపతిలో తీర్చకూడని చిన్న తిరుపతి మొక్కులూ ఉంటాయని మామ్మగారు గుర్తుచేస్తుంది. కారు కుడివైపు తిరుగుతుంది, ఇంకో రెండు గంటలు పోతాయి, ఇక్కడా ఎవరూ గొణగరు.

వెయిటింగ్ చార్జీ అనే మాట వినబడేది ఇలాంటి చోటే. కొందరు డ్రైవర్లు మొదటి గంట వదిలేస్తారు, ఆపైన గంటకింత. వినగానే ఇంటాయనకు కాస్త కోపం వస్తుంది. రాకూడదు. తిరుగు బేరం ఏదో సాయంత్రం ఆరింటికి కుదుర్చుకుని ఉంటాడు డ్రైవరు, ఈ రెండు గంటల్లో అది చేజారిపోవచ్చు. ఎక్కేముందే ఎక్కడెక్కడ ఆగాలో ఒక కాగితం మీద రాసి, మొత్తానికి కలిపి ధర మాట్లాడుకున్న కుటుంబాలు దారిలో పేచీలు పెట్టుకోవు. డ్రైవరుకూ అదే ఇష్టం. సంక్రాంతికి ఈ దారి పట్టే కార్లలో ఆ కాగితం మీద కోడిపందేల బరి కూడా ఉంటుంది, అది వేరే సంగతి.

ఏలూరు చేరేసరికి కాలువల కథ ఒక ముడి దగ్గరకు వస్తుంది. గోదావరి నీళ్లు తూర్పు నుంచి, కృష్ణ నీళ్లు పడమర నుంచి వచ్చి ఇక్కడ కలుస్తాయి. ఊరిని వన్ టౌను, టూ టౌను అని రెండు ముక్కలు చేసింది కాలువే. పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ల చేతుల్లో పుట్టిన ఉన్ని తివాచీల పని ఈ ఊరికి పేరు తెచ్చింది. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి. ఉత్తరాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి, ఒకనాటి వేంగి రాజధాని. సెలవుల కారు ఇవేవీ చూడదు, బైపాసు ఎక్కేస్తుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఎడమకు తిరిగి గుడివాడ మీదుగా బందరు పోవాలని ఫోను చెబుతుంది. మంచి రోడ్డు, తెలిసిన రోడ్డు.

ఇంకో దారి ఉంది. ఏలూరు ఊళ్లోకి దిగి, దక్షిణంగా కైకలూరు వైపు పోవడం. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. డ్రైవరు ఒకసారి తల గోక్కుంటాడు. "రోడ్డు ఎలా ఉందో కనుక్కోవాలి సార్." కనుక్కోవడం మంచిదే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీళ్లన్నీ తర్వాత వచ్చి పడింది కొల్లేట్లోనే, ఈ రోడ్డు మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి. రెండు నదుల డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కకు మించిన మురుగుకాలువలూ పంటకాలువలూ తెచ్చిన నీళ్లను పట్టి ఉంచుకుని, ఉప్పుటేరు అనే ఒకే ఒక్క దారిన, సుమారు అరవై కిలోమీటర్ల దూరాన ఉన్న సముద్రానికి వదులుతుంది. అటు వరద ఎక్కువై, ఇటు ఉప్పుటేరు పూడిపోతే మధ్యలో మునిగేది లంక గ్రామాలు.

ఏలూరు దాటి కొంత దూరం పోయాక పిల్లలు అడుగుతారు: "కొల్లేరు ఎప్పుడొస్తుంది?"

"వచ్చేసింది నాన్నా. మనం ఎల్తన్నది దాని మీదే," అంటాడు డ్రైవరు.

పిల్లలు నమ్మరు. బొమ్మల పుస్తకంలో సరస్సంటే ఒక పెద్ద నీలం రంగు మచ్చ, మధ్యలో పడవ. ఇక్కడ కిటికీకి రెండువైపులా గట్లు, గట్ల మధ్య నీళ్లు, మళ్లీ గట్లు. అవి చేపల చెరువులు. చెరువు మధ్యలో వరసగా పాతిన కర్రలకు సంచులు వేలాడుతుంటాయి. సంచులకు చిల్లులు, లోపల తవుడూ చెక్కా. చేపలు ఆ చిల్లుల దగ్గరికి వచ్చి మేత లాక్కుంటాయి. గట్టు మీద ఐసు లారీ, ప్లాస్టిక్ ట్రేలు, తూకం. బొచ్చె, శీలావతి, ఫంగస్. ఇక్కడ ఐసు పెట్టెల్లోకి ఎక్కిన చేప బెంగాలుకూ అస్సాముకూ పోతుంది. హౌరా మార్కెట్టులో బేరం ఎలా ఉందో కైకలూరు టీకొట్టులో తెలిసిపోతుంది.

ఈ చెరువులు ఎలా వచ్చాయన్నది దారిలో చెప్పుకోదగిన కథే, కాస్త పెద్దది. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, ఇక్కడి జనానికి చేపల చెరువులు తవ్వుకోనిచ్చింది. తర్వాత డబ్బున్నవాళ్లు వచ్చారు, చెరువులు పెరిగాయి, సరస్సు తగ్గింది. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో సుప్రీంకోర్టు మాట మీద ప్రభుత్వం గట్లను పేల్చింది, పొక్లెయిన్లు పెట్టి తవ్వించింది. ఆ తర్వాత కూడా గట్లు మళ్లీ లేచాయి, కేసులు మళ్లీ నడిచాయి. ఐదో కాంటూరును మూడుకు కుదించాలన్న డిమాండు ప్రతి ఎన్నికలకూ బతికొస్తుంది. కాంటూరంటే సముద్రమట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తున నేల మీద గీసిన ఊహాగీత. ఆ గీతకు ఇటున్నవాడిది సాగు, అటున్నవాడిది ఆక్రమణ.

ఒకవైపు పక్షుల పక్షం, ఒకవైపు మనుషుల పక్షం అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లు ఈ రోడ్డు మీద కారు ఆపి దిగలేదని అనుకోవాలి. తాటి దోనె మీద పోయి మావులు పెట్టుకుని కొర్రమీనూ రొయ్యలూ పట్టిన వాడికి పాత కొల్లేరే కావాలి. ఆ దోనెవాడి మేనల్లుడే చెరువు గట్టు మీద కాపలా జీతగాడు, వాడికి చెరువు కావాలి. వంటింట్లో తాగునీళ్లకు క్యాన్లు కొనుక్కునే ఆడవాళ్లకు మంచినీళ్లు కావాలి, చుట్టూ ఇన్ని నీళ్లుండగా. కిటికీ అద్దం దించి ఒక టీ తాగేలోపు ఈ ముగ్గురూ ఎదురవుతారు.

సరస్సు నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. ఒకప్పుడు పడవ మీద తప్ప పోలేని చోటు. ఫాల్గుణంలో జాతర. అక్కడ గజపతుల కోట ఉండేదనీ, దాన్ని పట్టలేక శత్రువులు సరస్సు నీళ్లను సముద్రంలోకి తోడేయడానికి తవ్విందే ఉప్పుటేరనీ జనం చెప్పుకుంటారు. కథే కావచ్చు. కొల్లేటిని ఎండగట్టాలన్న ఆలోచన ఎంత పాతదో మాత్రం దానివల్ల తెలుస్తుంది.

కైకలూరుకు కొద్ది దూరంలో ఆటపాక పక్షుల కేంద్రం. అక్టోబరు నుంచి మార్చి లోపల పోతే, గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టుకుని కనబడతాయి. చెట్లు చాలక అటవీ శాఖ నిలబెట్టిన స్టాండ్లు అవి. పెద్ద సంచీలాంటి ముక్కు, దిగేటప్పుడు విమానమంత హడావుడి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షుల పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలో దాదాపు మూడు వేల గూడబాతులు గూళ్లు కట్టుకున్న చోటును లోకానికి చూపించాడు. 1970ల మధ్యకు వచ్చేసరికి ఆ స్థావరం ఖాళీ అయింది. పక్షులు మళ్లీ వచ్చాయి గానీ, ఆనాటి చెట్ల మీదికి కాదు. ఇంత చెప్పాక పిల్లలు ఆ ఇనుప స్టాండ్లను ఇంకోసారి చూస్తారు. అరగంట పడవ షికారుకు టిక్కెట్టు కొంటారు. ఇక్కడ ఫోను జేబులోంచి బయటికి వచ్చేది ఫొటోకే.

డ్రైవరు ఈలోగా గట్టు మీద బీడీ కాల్చుకుంటూ టీకొట్టు ఆయనతో మాటల్లో పడతాడు. తిరిగి వచ్చేసరికి అతని దగ్గర వార్త ఉంటుంది: ఫలానా చోట బతికున్న కొర్రమీను దొరుకుతోంది. మామ్మగారి కళ్లు మెరుస్తాయి. ఇంటాయన కిలో ధర విని వెనక్కి తగ్గుతాడు. ఇల్లాలు ముందుకు వస్తుంది. అసలు చిక్కు ధర దగ్గర కాదు, డిక్కీ దగ్గర. చేప వాసన పట్టిన కారును మర్నాడు ఎవరూ ఎక్కరని డ్రైవరు. ఐసుతో థర్మోకోల్ పెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన గోనె కప్పుతామని చేపల మనిషి. బందరు హోటల్లో వండేదెవరని పిల్లలు. ఈ చర్చ ఇరవై నిమిషాలు నడుస్తుంది. టేపు మూడు చుట్లు తిరుగుతుంది.

కైకలూరు దగ్గర పామర్రు నుంచి భీమవరం వైపు పోయే 165వ నెంబరు రహదారి కలుస్తుంది. ఈ ఊరు 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లా. టీకొట్టులో ఇంకా "మా కృష్ణా జిల్లా" అనే అంటారు. అక్కడ నుంచి ముదినేపల్లి, గుడివాడ, పెడన మీదుగా చీకటి పడేలోపు బందరు. హోటలు మెట్ల దగ్గర సామాన్లు దిగాక లెక్క మొదలవుతుంది: అనుకున్న ధర, టోలు, బేటా, ద్వారకా తిరుమల దగ్గరా ఆటపాక దగ్గరా అయిన వెయిటింగు. ఇంటాయన ఫోనులో డబ్బు పంపి, పైన ఒక నోటు చేతిలో పెడతాడు. థర్మోకోల్ పెట్టె రిసెప్షన్ కుర్రాడికి అప్పగిస్తారు, వాడు దాన్ని అనుమానంగా వాసన చూస్తాడు.

డ్రైవరుకు సెలవులు ఇంకా దూరమే. డిక్కీ తెరిచి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, అగరొత్తి వెలిగించి, డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో "బందరు టు వైజాగ్ రిటర్న్ ఖాళీ" అని పెడతాడు. అరగంటకు గుడివాడ నుంచి ఫోను. అన్నవరంలో వ్రతం ఉందట, నలుగురు పెద్దవాళ్లు, తెల్లారుజామున బయలుదేరాలట. ధర దగ్గర కాసేపు అటూ ఇటూ లాగి సగానికి కాస్త పైన కుదురుతుంది. పెట్టేసేముందు అవతల నుంచి ఒక పెద్దావిడ గొంతు, "బాబూ, దారిలో చిన్న తిరుపతి దగ్గర ఆపుతావు గదా?"

"ఆపుతానండి. గంట దాటితే వెయిటింగు పడుద్ది, ముందే చెప్తన్నాను."